పంచనామా

ముప్పై ఒక్క ఏండ్లు ఆబ్కారీల జవాను కొలువు చేసి
రిటైరైన మూడో ఎండకాలం
టికెట్టు కొనుక్కొని వచ్చిన ఈ దిక్కు.
అంతకుముందు ఎప్పుడొచ్చినా జీపుల,
లైట్లు ఆర్పి, కోడి కుయ్యకముందే.

హన్మకొండల బస్సెక్కంగనే
నీళ్ళ సీసా, టోపీ, ఓ రంగుల కాయితం చేతుల పెట్టిన్రు.
పొద్దున గణపురం కోటగుళ్ళు, మాపటికి చెరువు,
నడుమ 'ఇప్పసారా తయారీ, రుచి'.
ఆ ఆఖరి ముక్క రెండుసార్లు చదివిన.
మా కాయితాలల్ల రుచి అనే ఖానా లేకుండె.
ఇన్ని లీటర్లు, ఇన్ని కుండలు,
స్థలములోనే ధ్వంసము చేయడమైనది.

గుళ్ళ కాడ ఎండ అప్పటికే మెడ మీదికొచ్చింది.
సగం మనిషి, సగం సింహం
ఏనుగు నెత్తిన కాలు పెట్టి నిలబడ్డడు, ఏడెనిమిది వందల ఏండ్ల నుంచి,
ఇంకా దిగలే.
ముక్కు పోయిన నంది. మోచేతుల కాడికి ఆగిపోయిన నాట్యం.
"ఎవరు పలగ్గొట్టిన్రు ఇవన్ని?"
హైద్రాబాదామె అడిగింది.
"ఎవరెవరో వచ్చిన్రు మేడం," అన్నడు గైడు పిలగాడు అజ్మీర సురేందర్.
నేను పక్కకు తిరిగి
సీసా మూత విప్పుకుంట, బిగించుకుంట నిలబడ్డ.

తొవ్వల తాటివనం కాడ ఆపిండు.
పెరుమాండ్ల సాంబయ్య మోకు భుజానేసుకొని
నన్ను పోల్చిండు, టోపీ ఉన్నా.
"ఏం జమేదారూ, మామూలుకొచ్చినవా?"
బస్సోళ్ళు నవ్విన్రు. నేనూ నవ్విన.
తాటాకు రేకుల పోస్తే వంగి తాగిన.
అరవై రూపాయలన్నడు.
చిల్లర ఎంచి ఇస్తుంటే తెలిసింది,
కల్లుకు నేను పైసలిచ్చుడు ఇదే మొదలు.

ఇగ గూడెం.
వాసన ముందుగాల ఎదురొచ్చింది.
బెల్లం మాడినట్టు, తడిసిన గడ్డి ఎండినట్టు,
ఈ వాసనకే నా ఖాకీ చొక్కాను
మా ఇంటామె వేరే దండెం మీద ఆరేసేది.
చాప మీద ఇప్పపూలు, కిస్‌మిస్ లెక్క ముడుతలు పడి.
పొయ్యి మీద కుండ, కుండ మీద కుండ,
అన్నిటికన్న పైన సల్లనీళ్ళ గిన్నె,
పక్క నుంచి వెదురు గొట్టం.
నాకు తెలువనిదేం లేదు.
లాఠీ ఎక్కడ తగిలితే ఒక్క దెబ్బకు పోతదో కూడ తెలుసు.

కుర్సం ముత్తమ్మ
మొదటి ధార నేలకు పోసింది, పెద్దలకు.
రెండోది పుల్ల గీసి ముట్టిచ్చింది.
నీలంగ మండింది. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు.
తలా ఇంత పోసుకుంట నా కాడికొచ్చి ఆగింది.

"ఏడు కుండలు," అన్నది, నా మొఖం చూడకుంట.
"ఆరు."
నోట్లకెంచి దానంతటదే వచ్చింది. ఆరే రాసిన నేను.
"ఏడోది మా అత్త మంచినీళ్ళ కుండ."

సారా గొంతుల దిగలే, పైకీ రాలే.
ఆమె కోపంగ లేదు.
కోపముంటే నాకు అలవాటు, తట్టుకుందును.

"పైన నీళ్ళు కాగినయి. మార్చు," అన్నది.
మార్చిన.
వేడినీళ్ళు వంపి, బాయిల నుంచి చేది పోసిన,
మళ్ళ కాగితే మళ్ళ పోసిన.
బస్సు హారను కొట్టింది రెండుసార్లు.
చెరువు కాడికి పొద్దు పోతదని సురేందర్ కేకేసిండు.

వాపసొస్తుంటే
యాత్ర ఎట్లుందో రాయమని కాయితమిచ్చిన్రు.
పేరు రాసిన. తేదీ రాసిన.
చేతికి అలవాటైన అక్షరాలే వచ్చినయి:
'కుండలు, ఏడు. అందులో ఒకటి నీళ్ళది.'
కింద సంతకం చేసిన.

పిలగాడు చదివి, తల గోక్కొని,
"సార్, చుక్కలు నింపాలె ఇక్కడ,
ఐదింట్ల ఎన్నో," అని వేలుతోటి చూపిచ్చిండు.