ఏ తేదీ నుంచి

పంటు దిగి నర్సాపురం రేవులో
టైపు మిషను పేర్రాజు గారి ముందు కూర్చున్నాను.
కాగితం ఎక్కించి, కళ్ళజోడు సర్దుకుని
ఆయన అడిగిన మొదటి మాట:
"జబ్బు ఏ తేదీ నుంచమ్మా?"

ఆర్డర్లో ఉంది కదండీ.
మావారు, గుబ్బల నరసింగరావు, మాజీ హవల్దారు,
మనసు చెదిరిన మాట నిజమేనట.
మిలట్రీలోనే చెదిరిందన్న మాటా నిజమేనట.
పింఛను మాత్రం
మా దరఖాస్తు వాళ్ళ బల్లమీద పడ్డ రోజు నుంచట.
రెండువేల ఇరవై ఒకటి, మార్చి పదిహేడు.

ఆ రోజు నాకు బాగా గుర్తు.
రొయ్యపొట్టేసిన వంకాయ కూరతో రెండుసార్లు కలుపుకుని
సాయంత్రం దాకా నిద్రపోయారు.
ఆ ఏడాది మొత్తానికి
ఆయన బాగున్నది ఆ ఒక్కరోజేనండి.

మరి రాసుకోండి.
సర్వీసు అయిపోయి ఇంటికొచ్చిన రెండువేల తొమ్మిది,
కొబ్బరి దింపు.
మొదటి కాయ దబ్బున నేల తాకగానే
ఈయన బోదెలోకి దూకి బోర్లా పడుకున్నారు,
తలమీద రెండు చేతులూ పెట్టుకుని.
దింపు కుర్రాళ్ళు నవ్వారు.
నేనూ నవ్వానండి. అది రాయకండి.
పోనీ, రాయండి.

రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు తిరిగే రాత్రుళ్ళు
గుమ్మంలో నిలబడి తెల్లవార్లూ కాపలా.
నీళ్ళకని లేచిన పిల్లని
"థమ్! కౌన్ ఆతా హై?" అని ఆపేశారు.
దానికి ఐదేళ్ళు.
"నేనే నాన్నా" అని చేతులెత్తి చెప్పడం
అ ఆలకన్నా ముందు నేర్చుకుంది.

పదేళ్ళకి కాకినాడ డాక్టరు గారు దీనికో పేరు పెట్టారు.
బారసాల నాడే బిడ్డ పుట్టిందని
ఎవరైనా రాస్తారటండీ?

పేర్రాజు గారు వేళ్ళు ఆపారు.
"మూడేళ్ళ వెనక్కైతే అడగొచ్చమ్మా.
అంతకు పైన అడిగితే, ఇన్నాళ్ళూ ఏం చేశారంటారు.
ఆలస్యానికి కారణం రాయాలి."

కారణం.
ఏటా ఫారం తెచ్చేదాన్ని.
ఏటా చింపేవారు.
"పిచ్చోడి పింఛను నాకొద్దు,
నా పక్కన పడుకున్నవాడు లేవనే లేదు,
వాడికేం ఇచ్చారు?" అనేవారు.
డిశ్చార్జి బుక్కు బియ్యం డ్రమ్ములో అడుక్కి తోసి
పైన బియ్యం పోసేశారు.
ఆలస్యం వేరు, జబ్బు వేరు కాదండి.
ఆ ఆలస్యమే జబ్బు.
ఇది ఇంగ్లీషులో ఎలా వస్తుందో నాకు తెలీదు,
మీరే చూడండి.

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజే
వరద మొదలైందని మా ఒడ్డున ఎవరూ అనుకోరు.
అంతకు ముందే వశిష్టలో ఉప్పు విరుగుతుంది,
పుక్కిలిస్తే తెలిసిపోద్ది.

రిబ్బను పాతది, అక్షరాలు నీరసంగా పడుతున్నాయి.
కాస్త గట్టిగా కొట్టమన్నాను, ఆ ఒక్క లైను:
డిశ్చార్జి అయిన తేదీ నుంచి.
నూట యాభై ఇచ్చాను. ఇరవై వెనక్కిచ్చారు.

పంటు ఇంజను మోతకి ఆయన ఎక్కరు.
సఖినేటిపల్లి రేవులో, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని,
పొద్దున్న నేను వదిలిన చోటే ఉన్నారు.
"ఏ తేదీ పెట్టించావ్?"
చెప్పాను.

చాలాసేపు నీళ్ళకేసే చూశారు.
తరవాత, నాతో కాదన్నట్టు,
"ఇంకా ముందు" అన్నారు.