పుస్తకంల బర్రెలు

నెలకొక్క దినం, పదో తారీఖు,
తిని గిన్నెలు కడిగినంక
అంగన్‌వాడీ వరండాల కొత్తవాడ జంపఖానా పరుస్తం.
పదమూడు మందిమి.
గుండ్రంగ కూసోవాలె అని రూలు.
నడుములు గోడను ఎతుక్కుంటయి,
రూలు వంకర పోతది.

పదో తరగతి తప్పినదాన్ని,
అందరికన్న ఎక్కువ సదివినదాన్ని.
అందుకే పెన్ను నా చేతికిచ్చిన్రు.

హాజరు పిలుస్త.
ఓదెమ్మ, ఉన్న.
షాహిదా, ఉన్న.
వనమాల... వనమాలా...
చెప్పులు ఇడిసిన చప్పుడు. ఐదు రూపాల జుర్మానా.
"బస్సు పంచరైతే నాకెందుకు, డ్రైవరుకెయ్యి" అంటది.
చిల్లర లేదని పది ఇస్తది,
వచ్చే నెల ఆలిశానికి గూడ కట్టినట్టు
నిమ్మళంగ కూసుంటది.

అప్పు రాసే కాడ ఒక గడి ఉంటది:
ఎందుకు?
ఎనుకటి బ్యాంకు సారు ముందే చెప్పిండు,
ఆ గడిల పెరిగేది ఏదన్న రాయాలె అని.
దవాఖాన పెరగదు.
ఫీజు పెరుగుతది గని మన దిక్కు పెరగదు.
అందుకే బర్రె అని రాస్త.

సుగుణకు హన్మకొండల గర్భసంచి తీసిన్రు. బర్రె.
షాహిదా పెనిమిటి ఆటోకు ఇంజను. బర్రె.
ఓదెమ్మ మనుమరాలు నర్సింగు, మొదటేడు.
బర్రె, దూడతోని.
కొంరవ్వ కుదువల ఉన్న కడియాలు ఇడిపిచ్చుకున్నది.
"బర్రె అని రాయకు బిడ్డా,
అవ్వి నా కాళ్లు" అన్నది.
జెర్రసేపు పెన్ను ఆగింది.
రాసిన. బర్రెనే.

పుస్తకం లెక్కల మా వాడకు పంతొమ్మిది బర్రెలు.
నిజంగ ఒక్కటే. భాగ్యది.
ఒక కొమ్ము కిందికి, ఇంకొకటి పరకాల దిక్కు.
పూటకు రెండు లీటర్లు,
గుణం చూస్తే తాసిల్దారు.

మొన్న కొత్త మేడం ఫోను చేసింది,
బర్రెలను చూస్త అని.
ఆ మీటింగు పుస్తకంల లేదు.
పట్టపగలు, భాగ్య కొట్టంల, పేడ వాసనల,
అందరం ఒక్కసారే మాట్లాడినం.

సుగుణ ఇంటి ముందట బర్రె మెడల గంట కట్టినం.
షాహిదా వాకిట్ల గంట తీసి,
తలుపుకేసి మిగిలిన ఆకుపచ్చ రంగు కొమ్ములకు పూసినం.
ఓదెమ్మ దొడ్లె గోనెపట్ట కప్పి
"జరమున్నది, దగ్గరికి రాకుండ్రి" అన్నం.
ఎనుక గల్లీల నుంచి తోలుకొచ్చుడు వనమాల పని.
పుట్టినకాన్నుంచి మొదటిసారి
ఆమె యాళ్లకు వచ్చింది.

నాలుగో ఇంట్ల మేడం నిలవడ్డది.
బర్రె దిక్కు చూసింది.
బర్రె కూడ ఆమె దిక్కు చూసింది,
ఇద్దరికి పాత పరిచయం ఉన్నట్టు.
కొమ్ము ముట్టింది.
ఏలికి ఆకుపచ్చ అంటింది.

మా గుండెలు మా కాడ లెవ్వు.

మేడం నీళ్లడిగి తాగింది,
అరుగు మీద కూసున్నది.
"మా అమ్మోళ్ల సంఘంల కుట్టుమిషిన్లు ఉండె" అన్నది.
"నా డిగ్రీ ఒక మిషిను మీదనే అయింది.
అది కుట్టిన చప్పుడు నేనెన్నడు ఇనలే."
ఏలు కొంగుకు తుడుసుకొని
కాయిదం మీద రాసింది:
పశువులు ఆరోగ్యంగ ఉన్నయి.

ఆ పొద్దుటి పూట బర్రె పాలియ్యలే.

పదో తారీఖు భాగ్య లొల్లి వెట్టింది,
రెండు లీటర్ల పైసలు సంఘమే ఇయ్యాలె అని.
అందరం ఒప్పుకున్నం, తీర్మానం రాసిన.
రంగు డబ్బ మాత్రం ఏ గడిల రాయాల్నో
ఇప్పటికి తెలుస్తలేదు.

మీటింగు అయిపోయింది.
జంపఖానా దులుపుతుంటె
కొంరవ్వ చీకట్ల ఇంటి దిక్కు మర్రింది.
కడియాలు ఒకదానికొకటి తాకి
టంగుమన్నయి.
పుస్తకంల పదకొండో బర్రె,
ఒక్క కిస్తు గూడ ఆపనిది,
మెల్లగ నడుసుకుంట పోయింది.