ఎనిమిదో వంతు

రాత్రి పదకొండు దాటాక
లోయలో ఫోన్లన్నీ నిద్రపోతాయి.
అప్పుడు నా వంతు.
కిటికీ గట్టు మీద జామ్ సీసాకి ఆనించి నిలబెడితే
రెండు గీతల సిగ్నల్.
తెర మీద చిన్న చక్రం
గింజల్లేని తిరగలిలా
తిరుగుతూనే ఉంటుంది.

"నాలుగో తరగతికి భిన్నాలు, పది సులువైన ఉపాయాలు."
కళ్లజోడు తుడుచుకుని చదువుతాను.
రంగు ప్రింటరు కావాలట.
లామినేషన్ కావాలట.
పిల్లకో టాబ్లెట్ ఉంటే మరీ మంచిదట.
మా బడి ప్రింటరు అక్టోబరులో ఆఖరి నలుపు కక్కి ఊరుకుంది.
ఇప్పుడు దాని నెత్తిన సుద్దముక్కల డబ్బా పెట్టుకుంటున్నాం.

అయినా వదలను.
ఇరవై మూడేళ్లుగా నాది దొంగ బతుకే:
ఫిన్లాండులో ఎవరో పంతులమ్మ దగ్గర ఒక ఆట,
నైరోబీ మాస్టారి దగ్గర ఒక పొడుపుకథ,
కొలంబియాలో ఎవరో
సీసా మూతలతో కూర్చిన గడియారం.
పేర్లన్నీ నోటుబుక్కులో రాసి పెట్టుకుంటాను,
కిరాణా కొట్లో అప్పు పద్దులా.
టీ పెట్టెల అట్టలు కత్తిరించి, ప్యాకింగు టేపు అతికించి
నా లామినేషన్ నేనే చేసుకుంటాను.

ఇవాళ్టి వీడియోలో పిజ్జా.
చక్రంలాంటి కత్తి కింద కిమ్మనకుండా
ఎనిమిది ముక్కలైంది.
ఆ నలభై సెకన్లు దిగేలోగా
నా టీ రెండుసార్లు చల్లారింది.

మా నరీన్ కొండల్లో పిజ్జా ఎక్కడిది?
పొద్దున్నే ఒక నాన్ రొట్టె,
తందూరు వేడి ఇంకా ఆరనిది,
కోటు లోపల గుండెకి ఆనించుకుని మంచులో నడిచాను.
బొగ్గు పొయ్యి చుట్టూ పదకొండు మంది.
"ఇది ఒకటి. దీన్ని ఎనిమిది సమాన భాగాలు చేద్దాం"
అంటూ చాకు తీశాను.

తరగతి గతుక్కుమంది.
"ఎజె!" అని లేచింది సెజిమ్.
ఎజె అంటే అక్క. టీచర్ని ఇక్కడ అలాగే పిలుస్తారు.
"రొట్టెని ఎవరైనా కత్తితో కోస్తారా?"

నాకు తెలియంది కాదు.
రొట్టెని చేత్తో తుంచాలి, బోర్లా పెట్టకూడదు,
కింద పడితే కళ్లకద్దుకోవాలి.
రాత్రంతా ఆ తెర వైపే చూసి చూసి
అమ్మ నేర్పింది కాస్తా మరిచాను.

చాకు సొరుగులో పడేసి తుంచాను.
ఎనిమిది వచ్చాయి. ఏ రెండూ ఒకలా లేవు.
ఒకటి అరచెయ్యంత, ఒకటి చెవితమ్మంత.
"ఇవి ఎనిమిదో వంతులేనా?"
"కాదు" అన్నాడు తొల్కున్‌బెక్, లెక్కలంటే పడిచచ్చేవాడు.
"అవును" అంది సెజిమ్.
"పెద్దది అతిథికి. మెత్తంది పళ్లులేని తాతకి.
మాడిన అంచు వండినవాళ్లకి.
మా ఇంట్లో రోజూ ఇంతే. తక్కువైందని ఎవరూ అనరు."

ఆ పది ఉపాయాల్లో దీనికి జవాబు లేదు.
నా దగ్గరా లేదు.
పొయ్యిలో బొగ్గు చిటపటమంది.

"మా అమ్మ కొట్లో కాటా ఉంది!"
టోపీ కూడా మరిచి పరిగెత్తాడు తొల్కున్‌బెక్.
మిఠాయిలు తూచే కాటా, చక్కెర అంటుకుని ఉంది.
రొట్టె మొత్తం నాలుగు వందల ఎనభై గ్రాములు.
ముక్కకి అరవై.
ఇక్కడ చిటికెడు తీసి, అక్కడ చిటికెడు కలిపి,
వేళ్లకంటిన పొడి నాకకుండా ఓర్చుకుని,
గంట మోగినా ఎవరూ లేవలేదు.
ముల్లు ఎనిమిదిసార్లు ఒకేచోట ఆగింది.

అప్పుడు ఎవరో నెమ్మదిగా అన్నారు:
"మనం పదకొండు మందిమి కదా."
సెజిమ్ ఏమీ అనలేదు.
నా వైపు చూసిందంతే.

రాత్రి పదకొండు దాటింది.
అప్పు తీర్చే వంతు ఇవాళ నాది. రాస్తున్నాను:
"కావలసినవి. ఒక రొట్టె. ఒక కాటా.
ఒప్పుకోని పిల్ల ఒకతె."
బయట గాలి లేస్తోంది.
చక్రం తిరుగుతోంది.
మూడు శాతం వెళ్లింది.