బోర్లించిన అచ్చు

గుమ్మ కొండల మీంచి బస్సులో దిగి వచ్చాడు
రయితో మాస్టారు, చెప్పులకి ఇంకా ఎర్రమట్టి.
పర్లాకిమిడి ఎండ అద్దాల బీరువాని కాలుస్తోంది.
“అది ఐదు, ఇది పాతిక. రెండూ చాక్లెట్టే కదా,
తేడా ఏటమ్మా?”

బోర్డు మీద ఒడియాలో రాసే ఉంది.
ఆయన తెలుగులో అడిగాడు,
తెలుగులోనే చెప్పాలి.

మాస్టారూ, బిళ్ళకి లోపల అనేది లేదు.
ఎక్కడ విరిచినా అదే మాట.
ప్రాలీన్‌ది బూరె వంశం.
పూర్ణం లేకపోతే ఒట్టి తోపు.

జీడిబద్దలు మా నూకరత్నం పిన్ని తెస్తుంది,
కాశీబుగ్గ నుంచి, నల్లబడ్డ వేళ్ళతో.
పంచదార నీళ్ళు లేకుండా కరగాలి,
తేనె రంగు దాటి, తుమ్మజిగురు రంగు దాటి,
చేదుకి ఒక్క గుక్క ముందు ఆపాలి.
పప్పు కలిపి రాతి మీద పరిచి
చల్లారాక దంచితే
ముందు ఇసక, తర్వాత తడి ఇసక.
రెక్క నొప్పి పుట్టాక ఎప్పుడో
పప్పు తన నూనె తను వదిలి ముద్దవుతుంది.

అసలు సంగతి అదీ కాదు.
అచ్చు నిండా చాక్లెట్ పోసి
వెంటనే బోర్లించాలి.
పోసిందంతా గిన్నెలోకి జారిపోయి
గోరంత మందాన గోడ మిగులుతుంది.
మొదటిసారి చూసి మా పాత్రో గారు
“ఒలకబోశావే!” అని అరిచారు.
బిళ్ళని పోసి వదిలేస్తారు.
దీన్ని పోసి, ఒంపేసి,
ఆ ఖాళీకి పాతిక రూపాయలు.

మాస్టారు నవ్వలేదు.
“నా క్లాసులో ముప్పై ఒక్కమంది.
గీతల మీద సమంగా విరిగేదే ఇయ్యి.
ఇది కోస్తే కారిపోద్ది.”
నిజమే. ఇది ఒక్క నోటి కోసం చేసింది.
నేను చెప్పాల్సిన తేడా
ఆయనే చెప్పాడు.

ఎనిమిది బిళ్ళలు, ఒక్కోటి నాలుగు గళ్ళు.
ముప్పై రెండో గడి ఎవరిదో నేనడగలేదు.

రాత్రి కరెంటు పోయింది.
తెల్లారి చూస్తే ఒక ప్రాలీన్ పక్క పగిలి
పళ్ళెంలోకి కొంచెం కారింది.
పక్కనే విప్పిన బిళ్ళ. దాని మీంచే నడిచి
చీమలు, ఒకటే బారు,
ఇసకంత ఇసకంత మోసుకుపోతున్నాయి.
దాని మీద గీతలేం లేవు.

పాత్రో గారొస్తే లెక్కలో ఒకటి తగ్గిందంటారు.
పళ్ళెం చుట్టూ నీళ్ళు పోద్దామని చెంబు తీశాను.
అలాగే పట్టుకుని
కాసేపు నిలబడ్డాను.