ఒకటికి అయిదు వందలు

మస్కట్, ఘలా. రేకుల షెడ్డు.
రెండువేల అరవై నా బల్ల మీద ఉన్నది,
ఇంకా జిగురు ఆరలేదు.

ప్రణాళికా శాఖ వాళ్ళు డ్రాయింగులు పంపిస్తరు,
నేను కోస్త, అతుకుత, గీకుత.
ఓడరేవు, రైలు, ఉప్పునీళ్ళను తాగేనీళ్ళు చేసే కార్ఖానా,
ఎండల నుంచి కరెంటు, కరెంటు నుంచి గ్యాసు,
ఆ గ్యాసు ఓడెక్కి యూరప్‌కు పోవుడు.
ముప్ఫై అయిదేండ్ల పని.
నా వీసా రెండేండ్లది.

స్కేలు ఒకటికి అయిదు వందలు.
అంటే మనిషి నువ్వుగింజంత.
మనుషులు జర్మనీ నుంచి డబ్బాలల్ల వస్తరు, వందకు ఇంత అని.
అందరికి కోట్లు. కొందరి చేతుల గొడుగులు.
సూదిమొనతోని వాళ్ళకు తెల్ల దిష్‌దాషాలు, నల్ల అబాయాలు తొడుగుత.
గొడుగులు విరగవు. అట్లనే ఉంచిన.
అప్పటికి ఇక్కడ వాన పడుతదేమో,
అది గూడ ప్లాన్‌ల రాసిన్రేమో.

మా తాత నిర్మల్‌ల పొణికి కర్రతోని సీతాఫలాలు చేసేటోడు.
చింతగింజల లప్పం పూసి, ఆరబెట్టి, రంగేస్తే
కోతి వచ్చి ఎత్తుకపొయ్యేది.
"నమ్మిచ్చుడు తప్పు గాదురా,
కొరికినోని పండ్లు ఇరగొద్దు, గంతే" అనేటోడు.

పోయిన వారం షమ్సా మేడం వచ్చింది.
ప్లాన్‌ల ఏడో అధ్యాయం ఆమెదే,
యూరప్‌తోని కలిసే అధ్యాయం.
ఏం కలుసుడు మేడం అంటే
వేళ్ళు మడిచింది:
బోల్టు సైజు, చేపల డబ్బా మీద రాత, ఓడ పొగకు లెక్క,
లిఫ్టు తాడు ఎన్నేండ్లకు మార్చాలె,
పనోడు ఎండల ఎన్ని గంటలు నిలబడొచ్చు.
ఆఖరిది చెప్పుకుంట కిటికీ దిక్కు చూసింది.
బయట కుంజుమోన్ లారీల కెల్లి పలకలు దింపిస్తున్నడు.
టైము ఒకటిన్నర.

గోడ మీది మ్యాపు గూడ నా పనే.
దుక్మ్ నుంచి రాటర్‌డామ్ దాక నీలం దారం కుట్టమన్నరు.
సూయెజ్ దాటంగనే దారం అయిపోయింది.
శుక్రవారం, దుకాణం బంద్.
గుండీలు ఊడితే కుట్టుకొమ్మని మా ఆమె సంచిల పెట్టిన ఉండ ఉండె,
అది కొంచెం ముదురు నీలం.
ఇటలీ కింద ముడేసిన.
మధ్యధరా సముద్రంల ఒక ముడి ఉన్నదని
ఏ ప్రభుత్వానికి తెల్వదు.

చెట్లు తక్కువబడితే స్టోర్‌రూముకు పోయిన.
బట్ట గుంజితే రెండువేల ఇరవై.
దాని కింద రెండువేల పది.
మూలకు, థర్మాకోల్ పసుపెక్కి,
నేను పుట్టకముందు ఎవరో కలగన్న రెండువేల సంవత్సరం.
అన్నిట్ల రైలు ఉన్నది.
అన్నిట్ల నువ్వుగింజలు నిలబడి సముద్రం దిక్కు చూస్తున్నయి.
స్టేడియంల బల్లి గుడ్లు పెట్టింది.
పాత భవిష్యత్తుల కెల్లి ఖర్జూర చెట్లు పీకి
కొత్త దాంట్ల నాటిన, రెండు వందల పన్నెండు.

మంగళవారం యూరప్ వాళ్ళొచ్చిన్రు.
బ్రౌవర్ అనే పెద్దమనిషి కండ్లద్దాలు తీసి వంగి
ఓడరేవు చూడలే, రైలు చూడలే,
"ఈ చెట్టు మీద దుమ్మున్నది" అన్నడు.
ఇరవై ఏండ్ల దుమ్ము. తుడుసుడు మరిచిన.
అందరు గమ్మునైన్రు.
షమ్సా మేడం తొణకలే:
"ఇది ఎడారి. దుమ్ము లేకుంటే మీరు నమ్ముతరా?"
ఆయన నవ్విండు. సంతకాలైనయంట.

పోయేటప్పుడు నన్ను అడిగింది,
అరవై దాక దీన్ని ఎవరు చూసుకుంటరు అని.
లెక్కపెట్టిన. అప్పటికి నాకు డెబ్బై ఆరు.
ఏం చెప్పలే.

నిన్న ఫోను:
రైలు లైను రెండు సెంటీమీటర్లు ఉత్తరానికి జరపాలె,
అంటే నేల మీద పది మీటర్లు.
బ్లేడు మార్చిన.
స్టేషన్ల నిలబడ్డోళ్ళను పట్టుకారుతోని
ఒక్కొక్కలనే లేపి
చాయ్ సాసర్ల కూసోబెట్టిన.
ఒకడు గొడుగు పట్టుకొనే ఉన్నడు.