కుట్టిన టైరు

ముమ్మిడివరంలో కొండ లేదు.
కాలవ గట్టెక్కితే కాస్త ఎత్తు,
ఎదుర్లంక వంతెనెక్కితే ఇంకాస్త,
అంతే.
అలాంటి ఊళ్ళో కొండ సైకిలు కొంది
గెడ్డం వారి సువర్ణ.
రొయ్యల ల్యాబులో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం,
ఆదివారమైతే మారేడుమిల్లి ఘాటీ.

పక్క కొట్టు పెసింగి నూకయ్య
నలభై ఏళ్ళుగా ట్యూబుల్ని బేసిన్లో ముంచి
బుడగలు చూసి జబ్బు చెప్పేవాడు,
ఈ చక్రాన్ని మాత్రం
నా మిషను దగ్గరికి మోసుకొచ్చాడు.
"ఇది నా పని కాదమ్మాయ్, నీ పనే.
టైరుని కుట్టేశారు చూడు."

ఆయ్, నిజమే.
మామూలు టైరు రిమ్ము అంచుని కరుచుకునుంటుంది.
దీనికి కరిచే పళ్ళే లేవు.
దిండుగలీబులో దూది పెట్టినట్టు
ట్యూబుని లోపల పెట్టి కుట్టేసి,
కుట్టు మీద పట్టీ వేసి,
రిమ్ముకి బంకతో అతికించారు.
ఒక పొర రాస్తే రాత్రంతా ఆరాలి,
మళ్ళీ పొర, మళ్ళీ రాత్రి.

"అంచుల్లేని రిమ్ము కదక్కా, తేలిక" అంది సువర్ణ.
కొబ్బరి మట్ట లోపలి ఒంపులా ఉందది.
రాయి తగిలితే ట్యూబుని నలిపే పదునేదీ లేదు.
పాము కరిచినట్టు పక్కపక్కన రెండు కన్నాలు,
నూకయ్య సగం సంపాదన అవే,
దీనికి పడవట.
గాలి సగం తీసేసినా నడుస్తుందట,
లంక ఇసకలో కూరుకోకుండా
బురదలో బాతు కాలులా పరుచుకుంటుందట.

మొన్న పల్లంకుర్రు దగ్గర
సర్కారు తుమ్మ ముల్లు దిగింది.
గాలంతా పోయింది.
వేరే టైరైతే ఊడొచ్చేసి
తెగిన చెప్పులా ఈడ్చుకురావాలి.
ఇది రిమ్ముని వదల్లేదు.
వట్టి టైరు మీదే నాలుగు కిలోమీటర్లు
తొక్కుకుంటూ వచ్చేసింది పిల్ల.

రిమ్ము నించి ఒలవడానికి ముగ్గురం పట్టాం.
ముల్లు గుచ్చిన చోట
జానెడు కుట్టు విప్పాను.
రబ్బరు కింద ఎంత సన్నటి నూలు నేతో!
పోచంపల్లి చీర మడత విప్పినట్టు
కాసేపలా చూస్తుండిపోయాను.
నూకయ్య ప్యాచీ వేశాడు.
వల అల్లే దారానికి మైనం రాసి
పాత కన్నాల్లోంచే సూది పోనిచ్చాను,
కొత్త కన్నం పెడితే గుడ్డ చిరుగుతుంది.
పద్దెనిమిది కుట్లు.

"ఎంతివ్వనక్కా?"
చీరకి ఫాలు ఎనభై.
కొండెక్కే చక్రానికి ఎంతని చెప్పను?
"లైనింగు జాకెట్టు డబ్బులిచ్చుకో" అన్నాను.

ఆదివారం పదకొండింటికి
మిషను మీద నా కాలు ఆగుతుంది.
ఈపాటికి ఎక్కడో రాళ్ళ మీద
నా కుట్లు దొర్లుతుంటాయి.
నేను చూడని కొండని అవి చూస్తున్నాయని
చెప్పబోయి ఆగాను.
కుట్టు లోపలివైపుంటుంది,
బంకలో, చీకట్లో,
దానికేం కనిపిస్తుంది?
మలుపు దగ్గర లాగినప్పుడు తెలుస్తుందేమో,
ఎంత బరువో.

నూకయ్య మాత్రం ఇప్పటికీ
బంక ఖర్చెక్కువంటాడు.