ఎనభై మూడు మిల్లీలీటర్లు

అయిదు లీటర్ల పెట్రోలుకి ఎనభై మూడు.
పగలంతా రయాడర్ మందుల షాపులో
పసిపిల్లల దగ్గు మందు కొలిచే చేతులివి,
సిరంజిలో నూనె అంచుని
కంటి ఎత్తుకి తెచ్చుకోందే వదలవు.
ఎమ్రిస్ నవ్వుతాడు,
"నేనైతే టీ కప్పుతో పోసేవాణ్ణి" అని.
ఆయన పిస్టన్లు రెండు పట్టేసిన సంగతి
ఆయన చెప్పడు.
గోడ మేకుకి వేలాడుతూ అవే చెబుతాయి.

కొన్నప్పుడు ఇది మూడు వందల సీసీ, రెండు స్ట్రోకులు,
ఎవరో పాత యజమాని కోపం.
వెనక స్ప్రింగుని
డెబ్బై అయిదు కిలోల మగవాణ్ణి ఊహించుకుని చుట్టారు.
నేను యాభై ఆరు. బూట్లతో అరవై.
నేను కూర్చున్నా అది కిందికి దిగేది కాదు.
గ్యారేజీ చలిలో ఎమ్రిస్ టేపు పట్టుకుని
ఇరుసు నుంచి మడ్‌గార్డు దాకా
మూడుసార్లు కొలిచి తల అడ్డంగా ఊపాడు:
"నువ్వున్నట్టే తెలీదు దీనికి."
మెత్తటి స్ప్రింగు బిగించిన మంగళవారం
నూట అయిదు మిల్లీమీటర్లు దిగింది, నా బరువుకి.
అలా లెక్కలోకి రావడం
ఆ ఏడాది నాకు ఇంకెక్కడా జరగలేదు.

షాపు కుర్రాడు టోమోస్ అడుగుతాడు
ఎంత స్పీడు పోతుందని.
ఎంత నెమ్మదిగా పోతుందో అడగరా నాయనా.
పవర్ వాల్వులో ఎర్ర స్ప్రింగు పీకి ఆకుపచ్చది పెట్టాను,
ముందు పళ్ళచక్రానికి ఒక పన్ను తగ్గించాను,
ఫ్లైవీలుకి మూడు వందల గ్రాముల ఉక్కు తగిలించాను.
బరువు డబ్బిచ్చి కొన్నానంటే
మా అన్నయ్య ఫోన్లో కాసేపు మాట్లాడలేదు.

ఏడిపించింది మాత్రం పైలట్ జెట్.
విప్పిన ప్రతిసారీ ప్లగ్గు నల్లగా, తడిగా,
సైలెన్సరు మూతి నుంచి చిక్కటి చింతపండు పులుసు.
నలభై రెండు తీసి నలభై,
నలభై తీసి ముప్పై ఎనిమిది,
సూది క్లిప్పు ఒక గాడి పైకి.
బియ్యపు గింజంత ఇత్తడి ముక్క.
దాని కన్నంలోంచి చూస్తే
అవతలి గుట్ట మీద ఒకే ఒక్క గొర్రె పట్టింది.
చివరికొక రాత్రి
ప్లగ్గు కొన కాఫీ పొడి రంగులో బయటికొచ్చింది.
దాన్ని కోటు జేబులో వేసుకుని పొద్దున్నే పనికెళ్ళాను.
మందుల చీటీలు చదువుతూ మధ్యమధ్య తడుముకున్నాను.

ఆదివారం. ఎమ్రిస్ పొలం వెనక గుట్ట.
తెరిపివ్వని వాన, ఓక్ చెట్ల వేళ్ళు,
సబ్బు రుద్దినట్టున్న పలక రాళ్ళు,
వాటి మధ్య మోకాలెత్తు మెట్టు.
పోయిన చలికాలం ఇక్కడ
మూడుసార్లు బండి ఆగిపోయింది,
నాలుగోసారి నేను.

నిలబడ్డాను. రెండో గేరు. క్లచ్చి మీద ఒకే వేలు.
ఆరు పౌన్ల గాలితో టైరు
చపాతీ ముద్దలా రాయికి అతుక్కుంది.
ఎవరూ ఎవర్నీ తొందరపెట్టలేదు.
ఇంజను ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకుంటూ,
నేను ఊపిరి మరిచి,
పైకి.

ఎక్కేశానన్న సంబరంలో
తరవాతి వేరు చూసుకోలేదు.
పక్కకి, నాచులోకి, ఇద్దరం,
దుప్పటి కప్పుకున్నంత హాయిగా.
కింద ఎక్కడో ఎమ్రిస్ ఈల.
హెల్మెట్‌లో సగం వేల్స్ బురద.
లేవాలనిపించలేదు వెంటనే.
చెవి పక్కనే,
హ్యాండిలు దిగబడి, చక్రం ఆకాశాన్ని గోకుతూ,
అది

టింగ్

టింగ్

ఇంకా ఆగిపోలేదు.